గిటారు నాటకంలో ఒక మొహం

మా అయివారు పోయారని కబురొచ్చిన వేళకు నేను ప్రొద్దుటూరులో నా స్టూడియోలో ఒక చంటిబిడ్డకు పాస్‌పోర్టు ఫోటో తీయలేక అవస్థ పడుతున్నాను. బిడ్డ కళ్ళు తెరిస్తే తల నిలపదు, తల నిలిపితే కళ్ళు తెరవదు. ఫోను మోగింది. అయివారి కూతురు, సెలవులకు పుట్టింటికి వచ్చి ఉంది. "అన్నా, నాయన లేడన్నా" అంది. అవతల నుంచి ఇంకేదో చెబుతోంది, నాకు వినబడలేదు. బిడ్డ తల్లి "ఇప్పుడు చూస్తాంది, తీయన్నా" అంటే తీశాను. ఆ ఫోటో డబ్బులు తీసుకున్నానో లేదో కూడా గుర్తులేదు.

మా వైపు బడిపంతులును అయివారు అంటాం. హైస్కూల్లో నాకు మూడేళ్ళు తెలుగు చెప్పారు. నాటకాలు రాశారు, హార్మోనియం వాయించారు. ముప్పై ఏళ్ళుగా నా మీద పడాల్సినదేదో తన మీద వేసుకుని మోశారు. ఈ చివరి సంగతి నాకు ఆయన పోయిన మూడో రోజుకు గానీ తెలియలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పోయేసరికి ఆయన్ని చాప మీద పడుకోబెట్టారు. కూతురు నన్ను పక్కకు తీసుకెళ్ళి చెప్పింది. "కాఫీ తీసుకొని పోతే టీవీ ముందర కుర్చీలోనే ఉండాడన్నా. తెర నిండా తెల్లచుక్కలు, గుయ్యిమని ఒకటే సద్దు. రిమోటు చేతిలోనే ఉంది. నాయనా, నాయనా అని రెండుసార్లు పిలిచినా. నిద్రపోతాండాడేమో అనుకున్యా."

వారం ముందు ఆయన నాకు ఫోను చేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. "ఒరే కెమెరా, ఒకపారి వచ్చి పో. ఒక పాత క్యాసెట్టు అరిగిపోయింది. బాగయితాదేమో చూడాల" అన్నారు. కూతురు పెళ్ళి క్యాసెట్టేమో అనుకున్నాను. ఈ కాలంలో వీడియో డెక్కు ఇంకా ఎవరింట్లో పనిచేస్తోందని నవ్వుకున్నాను కూడా. వచ్చే వారం వస్తానని చెప్పాను. ఆ వచ్చే వారమే ఇది.

ఆయన నన్ను పేరుతో పిలిచింది లేదు. కెమెరా పట్టిననాటి నుంచీ కెమెరానే. అందరినీ అంతే. డ్రమ్ములు వాయించేవాడు డ్రమ్ము, గిటారు వాయించేవాడు తీగ. చేతివేళ్ళు ఒకచోట ఉండేవి కావు. టీ అంగడి బల్ల మీద, బస్సు సీటు వీపు మీద, చివరికి ప్రశ్నపత్రాల కట్ట మీద కూడా స్వరాలు వాయించేవారు. పరీక్ష హాల్లో ఆయన కాపలా ఉంటే మాకు పద్యాలు వాటంతటవే గుర్తొచ్చేవి. ఎవరైనా పాట సగంలో లేచిపోతే మటుకు ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది. "పాట నడిమిట్ల లేయకూడదప్పా. పాడేటోని గొంతు నొక్కినట్లయితాది" అనేవారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఆయన రాసిన నాటకాల్లో జనం నెత్తిన పెట్టుకున్నది ఒక్కటే. దానికి పేరేదో ఉండేది, ఎవరికీ గుర్తులేదు. అందరూ గిటారు నాటకమనే అన్నారు. ఒక రాజ్యం, ఇద్దరు అన్నదమ్ములు, ఒకే సింహాసనం. యుద్ధంలో ఇరువైపులా సైనికులందరూ చస్తారు. అన్నదమ్ములిద్దరూ మిగులుతారు. అప్పుడు, ఎవరూ అనుకోని చోట, చచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేస్తారు. మొహాలకు బూడిద పూసుకుని స్టేజీ నిండా నిలబడి పాడతారు.

మన్ను కప్పినారు గాని మా మొగాలు చూసినారా
పేరు పెట్టి పిలిచినారా, పేగు పంచుకున్న దొరలారా

ఈ పాటకు ప్రొద్దుటూరు పెళ్ళి ఆర్కెస్ట్రా నుంచి ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్ముల సెట్టు తెప్పించారు. పాత నాటకాల పెద్దమనుషులు ఇది నాటకమా, రికార్డింగు డాన్సా అని మూతి తిప్పారు. ఆయన మాత్రం "చచ్చినోళ్ళు లేచేటప్పుడు తబలా చాలదప్పా, డ్రమ్ము కావాల" అన్నారు. ఆ డ్రమ్ము మొదటి దెబ్బకు ముందు వరుసలో పిల్లలు ఏడుపు అందుకునేవాళ్ళు. పెద్దవాళ్ళు ఏడవకుండా కూర్చునేవాళ్ళు, అదే ఇంకా భయంగా ఉండేది. ఎందుకంటే ఆ గుంపులో ప్రతి ఇంటికీ మన్ను కప్పిన మనిషి ఒకడున్నాడు.

అవి ఫ్యాక్షన్ రోజులు. మా పల్లెల్లో పార్టీ అంటే జెండా కాదు, మనిషి పుట్టిన ఇల్లు. పైన జెండాలు మారేవి, కింద శత్రువులు మారేవాళ్ళు కాదు. ఒక పార్టీ తాంబూలమిచ్చి నాటకం పెట్టిస్తే రెండో పార్టీ దాన్ని తమ మీద సవాలుగా తీసుకునేది. అందుకని అయివారు ఒక నియమం పెట్టారు. రెండు పార్టీల నుంచీ రెండు తాంబూలాలు రావాలి. ఒకటే వస్తే నాటకం లేదు. దీపాలు పెట్టే వేళకు జనం ఇళ్ళల్లో ఉండాలని పోలీసుల షరతు కాబట్టి ఆట మిట్టమధ్యాహ్నం. స్టేజీ నుంచి వెనకదాకా నడిమధ్యన ఒక మోకు కట్టేవారు. మోకుకు ఇటు ఒక పార్టీ, అటు ఒక పార్టీ. ఆడవాళ్ళు కూడా అంతే. అయివారు హార్మోనియంను సరిగ్గా మోకు మొదట్లో పెట్టుకుని, ఒక మోకాలు ఇటు, ఒక మోకాలు అటు వేసి కూర్చునేవారు. ఎండకు రాజుల మొహాల రంగు కారిపోయేది. శవాల బూడిద మాత్రం కారేది కాదు.

ఆ శవాల్లో అందరికన్నా ముందు లేచేవాడు ఒకడుండేవాడు. వేముల పక్క పల్లెలో గొర్రెల కాపరుల ఇంటివాడు. చదువు రాదు. అయివారు పాడితే విని పట్టేవాడు. గుట్ట మీద గొర్రెలను అదిలించి అదిలించి తయారైన గొంతు, మైకు లేకుండానే చివరి వరుసకు వినబడేది. మేమంతా వాణ్ణి 'మొదటి శవం' అని పిలిచేవాళ్ళం. వాడూ పలికేవాడు. అప్పుడది మాకు తమాషాగా ఉండేది.

ఒక ఎన్నికలనాడు ఎవరో రమ్మంటే వాడు జీపెక్కాడు. ఆ జీపు పోయిన చోట గొడవైంది. వాడు కిందికి కూడా దిగలేదంటారు. కానీ జీపులో ఉన్నవాళ్ళ పేర్లన్నీ అవతలివాళ్ళ నోళ్ళల్లో పడ్డాయి. ఆ రాత్రి నుంచి వాడు ఊళ్ళో లేడు. ఎక్కడున్నాడో తల్లికీ తెలియదు. మొదట లేచే వేషం ఇంకొకడికి ఇచ్చాం. వాడు లేచే తీరులోనే జనం తేడా కనిపెట్టేసేవాళ్ళు.

రెండేళ్ళయ్యాక, జమ్మలమడుగు దగ్గర నాపరాయి గనుల పక్క ఊళ్ళో ఆట పడింది. అయివారు నన్ను పిలిచి, "ఒరే కెమెరా, ఈ నాటకం ఒకపారి తీసి పెట్టు. మనం పోయినా అది ఉంటాది" అన్నారు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. అద్దె కెమెరా భుజాన వేసుకుని పెళ్ళిళ్ళు తీసేవాణ్ణి. అదే నా చదువు, అదే నా బుద్ధి. పెళ్ళి వీడియోలో మొదటి పాఠం ఏమిటో మీకు తెలుసా? మంత్రాలు సాగుతుంటే కెమెరా జనం మీదికి తిప్పాలి. వచ్చిన ప్రతి మొహమూ పడాలి. ఒక్క మేనమామ మొహం పడకపోయినా వీడియోవాడికి మూడినట్టే. కాబట్టి నాటకంలో కూడా శవాల పాట రాగానే, స్టేజీ ఎటూ కదలదు కదా అని, కెమెరాను జనం మీదికి తిప్పాను. మోకుకు ఇటు వరుసంతా ఒక్కొక్కరినీ, అటు వరుసంతా ఒక్కొక్కరినీ తీసుకుంటూ పోయాను.

వెనకాల గని నుంచి నేరుగా వచ్చిన కూలీలు నిలబడి ఉన్నారు. ఒళ్ళంతా బూడిదరంగు రాతిదుమ్ము. వాళ్ళలో ఒకడు తలమీది తువ్వాలు భుజం మీదికి జారిపోయినది కూడా చూసుకోకుండా, కళ్ళు సగం మూసుకుని, స్టేజీ మీది శవాలతో పాటు గొంతెత్తి పాడుతున్నాడు. వాడే. మొదట లేచేవాడు. స్టేజీ మీది బూడిదా వాడి మొహం మీది దుమ్మూ ఒకటే రంగు. నాటకంలోంచి ఒక శవం దిగివచ్చి జనంలో నిలబడినట్టుంది.

నేనేం చేశానో చెప్పాలి. వీడు తలదాచుకుంటున్న మనిషి, కెమెరా దించాలి అని నాకు తోచలేదు. ఎంత మంచి షాటు దొరికింది అనుకున్నాను. దగ్గరికి లాగి, చెయ్యి వణక్కుండా, మొహం తెర నిండా వచ్చేట్టు పట్టుకుని, ఆ పాట అయ్యేదాకా వదల్లేదు.

నాలుగు కాపీలు చేసి, అసలుతో పాటు అయివారికి ఇచ్చాను. అవి ఊళ్ళు తిరిగాయి. డెక్కు అద్దెకు తెచ్చి ఇళ్ళల్లో, టీ అంగళ్ళల్లో వేసుకున్నారు. పులివెందుల పక్క ఒక పెళ్ళింట్లో కూడా వేశారట. నెల తిరగలేదు, గని దారిలో వాణ్ణి చంపేశారు.

వీడియోలో చూసి పట్టుకున్నారని ఊరంతా అనుకుంటోంది. నాకు అన్నం దిగలేదు. అయివారి ఇంటికి పరిగెత్తాను. ఆయన అరుగు మీద ఒంటరిగా కూర్చుని ఉన్నారు. వేళ్ళు కదలడం లేదు. ఆయన వేళ్ళు అట్లా ఊరికే ఉండడం నేను ఆ రోజే చూశాను.

"అయివారూ, నా బొమ్మ చూసే వాణ్ణి చంపినారంట" అన్నాను.

"ఎవురు చెప్పినారు?"

"అందరూ అంటాండారు."

"అందరూ అంటే ఎవురూ కాదు. నేను ఆ ఊరికి పొయ్యొచ్చినా. వాళ్ళమ్మే చెప్పింది. వాడు ఇంటికి జాబు రాసినాడంట, ఆ జాబు అవతలోళ్ళకు దొరికింది. అదీ సంగతి. నీ బొమ్మకూ దానికీ ఏం సంబంధం ల్యా. పో, పొయ్యి అన్నం తిను."

"మరి క్యాసెట్లు?"

"అన్నీ తెచ్చి పెన్నలో పారేసినా. ఇంగ ఆ మాట ఎత్తగాకు."

నేను నమ్మాను. నమ్మకపోతే బతకలేను కాబట్టి నమ్మాను. ఆ రాత్రి అన్నం తిన్నాను కూడా. కానీ తర్వాత పెళ్ళిళ్ళలో జనం మీదికి కెమెరా తిప్పబోతే చెయ్యి ఆగిపోయేది. మా మేనమామ మొహమే లేదు, మా పెదనాయన మొహమే లేదు అని గొడవలు. ఒక ఇంటివాళ్ళు బాడుగ కూడా ఇవ్వలేదు. చివరికి పెళ్ళిళ్ళు మానేసి స్టూడియో పెట్టుకున్నాను. తనంతట తాను వచ్చి, తల దువ్వుకుని, తీయమని కూర్చున్న మనిషి మొహమే తీస్తాను. నన్ను చూసి చాలామంది బద్ధకస్తుడు అనుకుంటారు. అనుకోనివ్వండి.

ఆ తర్వాత నాటకం మళ్ళీ ఆడలేదు. డ్రమ్ము జబ్బు చేసి పోయాడు. తీగ బెంగళూరు వెళ్ళి మళ్ళీ రాలేదు. అయివారు రిటైరయ్యారు. నన్ను మటుకు వదల్లేదు. స్టూడియో అద్దెకు మాట్లాడి పెట్టింది ఆయనే. రిబ్బను కత్తిరించి, మొదటి ఫోటోకు కుర్చీలో కూర్చున్నది ఆయనే. నా బిడ్డకు అక్షరాభ్యాసం చేయించిందీ ఆయనే. నా బతుకులో మంచి అని చెప్పుకోదగ్గ ప్రతి చోటా ఆయన చెయ్యి ఉంది. కానీ ఏడాదికి ఒక్క రోజు, ఎండాకాలంలో, ఆయన ఇంటికి రావద్దనేవారు. "ఆ పొద్దు నేను ఎవురితోనూ మాట్లాడను. మౌనం" అనేవారు. పెద్దాయన, ఏదో వ్రతం అనుకున్నాను.

ఒక ఏడు ఆ రోజు సంగతి మరిచిపోయి, మా పాప పెళ్ళి కార్డు ఇవ్వడానికి వెళ్ళాను. మధ్యాహ్నం మూడు. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. తలుపులు, కిటికీలు మూసి ఉన్నాయి. కొట్టబోయి చెయ్యి దించాను. లోపల డ్రమ్ము మోగుతోంది.

నేను విన్నది విన్నట్టే చెబుతున్నాను. డ్రమ్ము, గిటారు, దాని మీద శవాల పాట. డ్రమ్ము వాయించినవాడు అప్పటికి పోయి నాలుగేళ్ళు. క్యాసెట్లేమో పెన్నలో ఉన్నాయి. పాట 'మా మొగాలు చూసినారా' దాకా వస్తుంది, టక్కున ఆగిపోతుంది. కాసేపు ఏమీ ఉండదు. ఆ ఏమీ లేని చోట ఒక ఆడగొంతు వినబడుతుంది. పాటా కాదు, ఏడుపూ కాదు. ఎవరినో దగ్గరుండి తిడుతున్నట్టు, నెమ్మదిగా, ఎడతెగకుండా. మళ్ళీ పాట మొదటి నుంచి. అట్లా నాలుగైదుసార్లు.

ఎదురింటామె కిటికీలోంచి చూసి, "ఏటా ఇంతే అప్పా. ఆయప్ప నాటకమోళ్ళందరూ వచ్చి ఒక పూట ఉండి పోతారు" అంది. నవ్వుతూనే అంది గానీ, కిటికీ మూసేసింది. నేను కార్డును తలుపు సందులోంచి తోసి వచ్చేశాను. మరుసటి రోజు అయివారు, "కార్డు చూసినా. వస్తా" అన్నారు. అంతకుమించి ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగితే ఏమి తెలుస్తుందోనన్న భయం నాకు ముందు నుంచీ ఉంది.

ఆయన పోయిన మూడో రోజు, చుట్టాలు కాస్త పలచబడ్డాక, నేను ఆ డెక్కు దగ్గర కూర్చుని ఉన్నాను. క్యాసెట్టు ఇంకా అందులోనే ఉంది. బయటికి తీసి చూశాను. అట్ట మీద ఉన్నది నా రాతే. ఇరవై రెండేళ్ళప్పటి నా రాత. పెన్నలో పారేసిన క్యాసెట్టు నా చేతిలో ఉంది. దాన్ని ఎంతసేపు పట్టుకుని కూర్చున్నానో తెలియదు.

అప్పుడే గుమ్మంలో ఒక ముసలమ్మ నిలబడింది. నడుము వంగిపోయింది. తువ్వాలులో చీనీకాయలు, అదే బత్తాయిలు, మూట కట్టి పట్టుకుంది. "అయివారు యాడమ్మా? ఈ పొద్దు నా కొడుకు పోయిన దినం. చూసి పోదామని వచ్చినా" అంది కూతురితో. కూతురు గోడవైపు చూపించింది. దండ వేసిన ఫోటోను ముసలమ్మ చాలాసేపు చూసింది.

"నన్ను తిట్టనీకుండానే పాయనా" అంది.

ఆ గొంతు నాకు తెలుసు. మూసిన తలుపు వెనకాల విన్న గొంతు.

కూతురు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. మజ్జిగ ఇచ్చింది. ముసలమ్మ తాగుతూ తనంతట తానే చెప్పింది. "నా కొడుకు పోయిన మూడోనాడు వచ్చినాడమ్మా ఆయప్ప. నా కాళ్ళకాడ కూసోని, అవ్వా, బొమ్మ తీపిచ్చింది నేనే, మొగాలన్నీ తీయమని చెప్పింది నేనే, నీ కొడుకును చూపిచ్చింది నేనే అన్యాడు. తిట్టినా. నోటికొచ్చినంత తిట్టినా. తలొంచుకోని కూసున్యాడు. ఆ బొమ్మ ఒకపారి నాకు చూపీ అంటే ఈడికి పిల్చుకోని వచ్చె. అప్పటి సంది ఏటా వస్తా. నా కొడుకును చూసుకుంటా, ఆయప్పను తిట్టుకుంటా, బస్సెక్కి పోతా."

"మరి ఆ జాబు, అవ్వా?" అన్నాను.

"ఏం జాబు?"

"నీ కొడుకు ఇంటికి జాబు రాసినాడనీ, అది వాళ్ళకు దొరికిందనీ..."

ముసలమ్మ నన్ను వింతగా చూసింది. "నా కొడుక్కు రాసేది యాడొచ్చు నాయనా? వాడు బడి మొగమే చూడల్యా."

వాడికి చదువు రాదని నాకు తెలియదా? పాటలు విని పట్టేవాడని నేనే కదా మీకు చెప్పాను. ముప్పై ఏళ్ళు ఆ రెండు సంగతులనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు. అక్షరాలు నేర్పే మనిషి, అక్షరం రాని వాడితో జాబు రాయించారు, నా కోసం. అంత అధ్వాన్నమైన అబద్ధాన్ని నేను అంత గట్టిగా పట్టుకున్నాను.

"అవ్వా, తీసింది నేను" అన్నాను. "ఆయన నాటకం తీయమన్నాడు, అంతే. జనం మొగాలు తీయమని చెప్పల్యా. నా అంతట నేనే తీసినా. నీ కొడుకు మొగం కాడ నేనే నిలబడిపోయినా."

కూతురు చేతిలో గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడింది. ముసలమ్మ నా మొహంలోకి చూసింది. కొట్టినా బాగుండేది.

"నువ్వా" అంది. ఫోటో వైపు తిరిగి, "ముప్పై యేండ్లు నాతో తప్పుడు మనిషిని తిట్టిపిచ్చినావు గదయ్యా అయివారూ" అంది. తర్వాత నాకేసి చూడకుండానే, "పెట్టు. ముందు నా కొడుకును చూపీ" అంది.

క్యాసెట్టు లోపలికి తోశాను. ఎండలో రాజులు వచ్చారు. మోకు కనిపించింది, మోకు మొదట్లో అయివారు కనిపించారు. నల్లటి జుట్టుతో, రెండు మోకాళ్ళూ రెండు పార్టీల్లో వేసి. ఆయన పోయి మూడు రోజులు. తెర మీద తలూపుతూ వాయిస్తున్నారు. శవాలు లేచాయి. డ్రమ్ము పడింది. నా కెమెరా జనం మీదికి తిరిగింది. ఒక్కొక్క మొహమే దాటుతోంది. సగంమంది ఇప్పుడు లేరు. కొందరిని మోకుకు అటువైపు కూర్చున్నవాళ్ళే లేకుండా చేశారు. అందరూ పాట వింటూ నా వైపే చూస్తున్నారు.

గని కూలీల దగ్గరికి రాగానే బొమ్మ చెదిరిపోయింది. తెల్లగీతలు. గీతల వెనకాల ఒక తువ్వాలు అంచు, ఒక భుజం. మొహం ఉండాల్సిన చోట తెల్లటి వణుకు తప్ప ఏమీ లేదు. పాట మాత్రం చెక్కుచెదరలేదు.

"ఏదిరా? నా కొడుకేడిరా?" ముసలమ్మ లేచి నిలబడింది.

నాకు వెంటనే అర్థమైంది, నాకు తెలిసిన పనే కదా. క్యాసెట్టును ఒకే చోట ఆపి ఉంచితే యంత్రం లోపల హెడ్డు ఆ చోటునే రుద్దుతూ ఉంటుంది. అంచున ఉండే పాటకేమీ కాదు, బొమ్మ అరిగిపోతుంది. ఏటేటా ఆమె ఆపమన్న చోటల్లా ఆయన ఆపారు. ఆపిన బొమ్మ వణుకుతుంది, ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది. తల్లి చూసుకున్నకొద్దీ మొహం పోయింది.

"అరిగిపోయిందవ్వా. చూసి చూసి అరిగిపోయింది."

"పోయినేడే మసగ్గా ఉండె. బాగు చేపిస్తానన్యాడు. ఎవురో తెలిసినోడుండాడు అన్యాడు."

ఆ తెలిసినవాడు వచ్చే వారం వస్తానన్నాడు. అది ఆమెకు చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

వెనక్కి తిప్పి మళ్ళీ వేశాను. బొమ్మ రాదని తెలుసు. ఈసారి చెవిపెట్టి విన్నాను. కెమెరా గని కూలీల మీదికి రాగానే హార్మోనియం ఆగింది. రెండు తాళాల పాటు డ్రమ్ము, గిటారు మాత్రమే. తర్వాత హార్మోనియం మళ్ళీ అందుకుంది. అప్పట్లో టేపులో లోపమనుకున్నాను. ముసలమ్మ చెప్పింది. "ఆడ ఆయప్ప నా కొడుకును చూసినాడంట. నువ్వు బొమ్మ తీసేదీ చూసినాడంట. లేచి అరిచేద్దామనుకొని, పాట నడిమిట్ల లేయకూడదని లేయల్యా అవ్వా అని ఏటా ఏడ్చేటోడు."

అంటే నా ఒక్కడి బరువే కాదు, ఆయనకు తన బరువు కూడా ఉంది. రెండింటినీ కలిపి ఒకటే అని చెప్పి తనే మోశారు. ఆయన ఫోటో వైపు చూడలేకపోయాను. గట్టిగా ఏడ్చాను.

నా ఏడుపును ముసలమ్మ పట్టించుకోలేదు. టీవీ దగ్గరికి జరిగి, గీతల మీద అరచెయ్యి ఆనించింది. "నువ్వు తీసేటప్పుడు చూసినావు గదా. నీ కంటితో చూసినావు. చెప్పు. ఎట్లుండాడు?"

చెప్పాను. ఆమె చేతి కింద గీతలు వణుకుతున్నాయి, పాట సాగుతోంది, నేను చెబుతూ పోయాను. కనుబొమల మీద దుమ్ము పేరుకుందని, ఎడమ చెంప మీద చెమట చార ఒకటి దుమ్మును కోసుకుంటూ దిగిందని, చెవి పక్కన జుట్టు పెరిగిందని, కాస్త చిక్కాడని. ముప్పై ఏళ్ళుగా చూడకూడదనుకున్న మొహం ఒక్క వెంట్రుక తప్పకుండా నా లోపల ఉంది.

"భయపడతాండాడా?"

"లేదవ్వా. పాడతాండాడు."

"తువ్వాలు తీసేసినాడా?"

"జారిపోయింది. వాడు చూసుకోల్యా."

"చూసుకోడు. పాట వస్తే వానికి ఒళ్ళు తెలీదు" అంది.

నాలుగుసార్లు వేయించుకుంది. నాలుగుసార్లూ నాతో చెప్పించుకుంది. ఒకసారి చెంప చార చెప్పడం మరిచిపోతే గుర్తుచేసింది.

పులివెందుల బస్సు ఎక్కించడానికి నేనే వెళ్ళాను. చీనీకాయలు అయివారి ఫోటో ముందు పెట్టి వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాక నన్ను దగ్గరికి రమ్మంది.

"నా కాడ తిట్లు ఇంగా మిగిలినాయి. వచ్చే యేడు నీ కాడికే వస్తా. యాడికీ పోగాకు."

"పోనవ్వా. నీకోసం ఉంటా" అన్నాను.

బస్సు కదిలింది. ఆమె చెయ్యి కిటికీ చువ్వ మీద ఉంది. టీవీ అద్దం మీద పేరుకున్న దుమ్ము అరచేతి నిండా బూడిదరంగుగా అంటుకుని ఉంది. చీర చెంగు పక్కనే ఉంది, తుడుచుకోలేదు. మలుపు తిరిగేలోపల ఆ చేతిని మెల్లగా ముడుచుకుని ఒళ్ళో పెట్టుకుంది.